చాపెల్‌లోని ప్రశ్నల డబ్బా గురించి: తల్లిదండ్రులకు ఫిబ్రవరి నెల ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారాలు, వందనాలు.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తాను. పదో తరగతి పిల్లల పేరు, పుట్టిన తేదీ, ఫోటో రికార్డుల్లో సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి ఆఫీసుకొచ్చి చూసుకోండి, బస్సు ఫీజు బాకీ ఉన్నవారు నెలాఖరులోగా కట్టేయండి, ఆర్వో ప్లాంటు బాగైంది కాబట్టి పిల్లలకు ఖాళీ సీసా ఇచ్చి పంపినా చాలు. వార్షికోత్సవం పరీక్షల తర్వాతే, మళ్లీ మళ్లీ అడగొద్దు.

ఇక అందరూ మాట్లాడుకుంటున్న విషయానికి వస్తాను.

తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. మన చాపెల్ (బడిలోని ప్రార్థన మందిరం) తలుపు పక్కన ఒక రేకు డబ్బా ఉంటుంది. పిల్లలు పేరు రాయకుండా ఏ ప్రశ్నయినా చీటీ మీద రాసి అందులో వేయొచ్చు. శుక్రవారం పాస్టరుగారు ఒక చీటీ తీసి చదువుతారు. (చాపెల్ అందరికీ తప్పనిసరి కాదు. అడ్మిషన్ రోజున మీరు పెట్టిన సంతకాన్ని బట్టి ఇతర మతాల పిల్లలు ఆ పీరియడ్‌లో లైబ్రరీలో ఉంటారు. ఈ మధ్య వాళ్లలో కొందరు తమంతట తామే చాపెల్‌కి వచ్చి కూర్చుంటామంటే, ఇంట్లో అడిగి ఉత్తరం తెమ్మన్నాను.) మొన్న తీసిన చీటీలో ఇలా ఉంది: "మా నాన్న కోసం రెండేళ్లుగా ప్రార్థన చేస్తున్నాం. అమ్మ ఉపవాసం కూడా ఉంటోంది. నాన్నకి తగ్గలేదు. దేవుడు మమ్మల్ని ప్రేమిస్తున్నాడని సండే స్కూల్లో చెప్తారు. మరి మా మాట ఎందుకు వినడం లేదు?"

పాస్టరుగారు చీటీ మడిచి బైబిల్లో పెట్టుకుని, "ఎందుకో నాకు తెలియదమ్మా. కానీ ఆయన ప్రేమ ఆగిపోలేదని మాత్రం నమ్ముతున్నాను" అన్నారు. తర్వాత ఆ ఇంటి కోసం ప్రార్థన చేశారు. జరిగింది ఇంతే.

ఆ సాయంత్రం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మిషన్ స్కూల్లో ఇలాంటివి పైకి చదువుతారా అని ఒకరు. పరీక్షల ముందు పిల్లల విశ్వాసం పాడవుతుందని ఇంకొకరు. జవాబు తెలియని పాస్టరుకు జీతం ఎందుకని వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి. మీ ఆందోళన నాకు అర్థమవుతుంది, పిల్లల మీద ప్రేమతోనే అడుగుతున్నారు. కానీ ఆ చీటీ ఎవరు రాశారో కనుక్కోవడానికి చేతిరాత ఫోటో పంపమని మా టీచర్లను అడిగినవారికి మాత్రం మర్యాదగా ఒక మాట చెప్తున్నాను. దయచేసి ఆపండి. ఆ బిడ్డ ఇంట్లో ఉన్న కష్టం చాలు.

డబ్బా తీసేయమని అడిగారు. తియ్యను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనందరం వాగ్దాన కార్డు, అంటే కొత్త ఏడాదికి ఒక బైబిల్ వచనం రాసి ఉన్న కార్డు, తీసుకుంటాం. నేనూ తీసుకుంటాను, ఏడాది పొడుగునా బైబిల్లో దాచుకుంటాను. అందులో తప్పేమీ లేదు. కానీ దాన్ని దేవుడు సంతకం పెట్టిన రసీదులా పట్టుకుని, చెప్పిన సరుకు ఇంకా రాలేదేమని అడగడం పిల్లలకు మనమే నేర్పుతున్నాం. మన గోడల మీద, బైకుల మీద, పెళ్లి కార్డుల మీద ఎక్కువగా కనిపించేది యిర్మీయా 29వ అధ్యాయం పదకొండో వచనం. మీ విషయంలో నా ఆలోచనలు మేలైనవే గానీ కీడైనవి కావని దేవుడు చెప్పే మాట. దాని పైనున్న పదో వచనాన్ని మాత్రం ఎవరూ స్టిక్కర్ వేయించుకోరు. డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని వెనక్కి తీసుకొస్తానని ఉంది అందులో. బబులోనుకు చెరగా పోయినవారికి వెళ్లిన ఉత్తరం అది. దాన్ని విన్న ముసలివాళ్లలో ఎంతమంది యెరూషలేమును మళ్లీ చూసి ఉంటారు? ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అని కూడా ఆ ఉత్తరమే చెప్తుంది. దేవుడి ప్రేమ నిజమే, డెబ్బై ఏళ్లూ నిజమే. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి.

పౌలు తన ఒంట్లోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. నా కృప నీకు చాలు అన్న జవాబు వచ్చింది. అపొస్తలుడికే అలా జరిగితే, చీటీ రాసిన ఆ బిడ్డకు వెంటనే జవాబు రాలేదంటే ఆ ప్రార్థనలో లోపముందని ఎలా అంటాం?

కీర్తనల విషయంలో నాకు కొంచెం పట్టింపు ఎక్కువే, మా టీచర్లు నవ్వుకుంటారు కూడా. మన ఇళ్లలో పిల్లలకు కంఠతా వచ్చేవి రెండే: 23, 91. మంచివే. కానీ నూటయాభై కీర్తనల్లో ఎన్ని మొరలు ఉన్నాయో ఎప్పుడైనా చూశారా? 13వ కీర్తన ఎంతకాలం, ఎంతకాలం అని నాలుగుసార్లు అడుగుతుంది. 88వ కీర్తన చీకట్లో మొదలై చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో కూడా వెలుగు రాదు. దాన్ని కూడా దేవుడి పుస్తకంలోనే ఉంచారు, ఆరాధనలో పాడటానికి ఉంచారు. దేవుడే వినడానికి సిద్ధపడిన మాటల్ని మనం పిల్లల నోట ఎందుకు ఆపుతాం? బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని అతని పక్కన నేల మీద కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. నోరు తెరిచి, నీలో ఏదో పాపం ఉందిలే అని వివరించడం మొదలుపెట్టాకే చెడిపోయారు. చివర్లో దేవుడు కోప్పడింది ప్రశ్నలు అడిగిన యోబు కన్నా ఎక్కువగా ఆ స్నేహితుల మీదే. అందుకే ఈ ఏడాది నుంచి ఆరో తరగతి పైన పిల్లలందరికీ 13, 42, 88 కీర్తనలు చదివిస్తున్నాం. ఏడుపు తెచ్చే కీర్తనలెందుకని నోటుబుక్కులో రాసి పంపిన తల్లికి నా జవాబు ఇదే: అమ్మా, ఏడుపు ఇంట్లో ఎలాగూ ఉంది. దాన్ని ఎవరి దగ్గరకు తీసుకెళ్లాలో నేర్పుతున్నాం.

మన నేల చరిత్ర తెలిసినవాళ్లు ఈ చీటీకి భయపడాల్సిన పని లేదు. ఎనిమిదో తరగతి పిల్లల్ని ఏటా ఒంగోలు కొండ మీదికీ, గుండ్లకమ్మ ఏటి ఒడ్డుకూ తీసుకెళ్లేది అందుకే. 1854 జనవరి 1న తెల్లవారుజామున, నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఆ కొండెక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. అప్పటికి నెల్లూరు మిషన్ పని ఎంత నీరసంగా సాగుతోందంటే, దాన్ని మూసేద్దామా అని అమెరికాలోని బోర్డు అంతకుముందు ఏడాదే చర్చించింది. వాళ్లు అడిగిన ఆ మిషనరీ, క్లౌ దొర, ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. అంటే పన్నెండేళ్లు. ఈ మధ్యలో బోర్డు మళ్లీ మూసేద్దామంటే, మీరు పంపకపోయినా నేను వెనక్కి వెళ్లి తెలుగువాళ్ల మధ్యే చనిపోతానన్నాడట, అప్పుడు అమెరికాలో ఉన్న జ్యూయెట్.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించాడు. మన పెద్దలు, ఎక్కువమంది మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఆ మట్టి మోశారు. పగటి పనయ్యాక బోధకులు చెప్పేది వినేవారు. బాప్తిస్మం ఇమ్మని అడిగితే క్లౌ ఇవ్వలేదు. కూలి కోసం, తిండి కోసం వస్తున్నారేమోనని, సాయం పంచుతున్నంతకాలం, దాదాపు పదిహేను నెలలు, ఎవరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయింది, ఇంక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మన సంఘాల్లో అందరికీ నోటికొచ్చు. ఆ పదిహేను నెలల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నాకైతే అంకె కన్నా ఆ నెలలే గొప్పవి. బిడ్డల్ని కరువుకు పోగొట్టుకున్నవాళ్లు, తిరిగి ఏమీ దొరకదని తెలిసినవాళ్లు, దేవుడు మమ్మల్ని ప్రేమించాడని నమ్మారు. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని ఎడబాపలేని వాటి పట్టీ ఒకటి ఉంది కదా, అందులో కరువు కూడా ఉంది. కరువు రాదని పౌలు రాయలేదు.

నమ్మిన తర్వాత కూడా వాళ్లకు సుఖమేమీ రాలేదు. ఆదివారం పనికి రాబోమన్నందుకు, జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు చాలా ఊళ్లలో పెద్దల వేధింపులు పడ్డారు, బావుల దగ్గరికి రానివ్వలేదు. అయినా వెనక్కి పోలేదు. ఈ బడిలో చదివే చాలామంది పిల్లలు ఆ మనుషుల వంశంలోనివాళ్లే. మీలోనూ చాలామంది అంతే. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డ ఒక ప్రశ్న రాస్తే విశ్వాసం కూలిపోతుందా?

ఇప్పుడు పిల్లల గురించి చెప్పనివ్వండి, లేకపోతే నాకు తోచదు. ఆ శుక్రవారం తర్వాత డబ్బాలో చీటీలు పొంగిపోయాయి. ప్రశ్నలు కావు, ఆ బిడ్డకు జవాబులు! ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు, గత ఏడాది నా చేత ఎన్నోసార్లు చీవాట్లు తిన్నవాడే, ఇలా రాశాడు: "మా అమ్మ పొగాకు కంపెనీలో గ్రేడింగుకి వెళ్తుంది. రాత్రి ప్రార్థనలో ఏడుస్తుంది. పొద్దున మళ్లీ లేచి వెళ్తుంది. ఆ లేపేది ఆయనే అని నాకనిపిస్తుంది." స్టాఫ్ రూములో ఇది చదివాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు, ఎవరూ చెప్పకుండానే, ఆసుపత్రిలో ఉన్న తోటి విద్యార్థి ఇంటికి నోట్సులు రాసి పంపుతున్నారు. ఖోఖో జట్టు జిల్లా పోటీల్లో ఓడింది, ఓడాక గెలిచిన జట్టుకు మా కెప్టెనే ముందుగా వెళ్లి నీళ్లు అందించింది. ప్రీ ఫైనల్లో లెక్కల్లో తప్పిన ఒక పదో తరగతి పిల్లవాడు ఇప్పుడు సాయంత్రం స్టడీ అవర్‌కి అందరికన్నా ముందొచ్చి లైట్లు వేస్తున్నాడు. వీడు పాసవుతాడో లేదో నేను చెప్పలేను. కానీ వీడి పేరు నేను మర్చిపోను.

ఆ మాట వచ్చింది కాబట్టి, ఇంటి సంగతులు కొన్ని. పెన్నుకు నూనె రాయించడం, హాల్ టికెట్‌కు ప్రార్థన చేయించడం మీ ఇష్టం, నేను వద్దనను. కానీ దాని ముందు రాత్రి పన్నెండు దాకా బిడ్డ చేతిలో ఫోను ఉంటే ఆ నూనె ఏం చేస్తుందండీ? మార్కులు తక్కువొచ్చిన రోజున "నువ్వు సరిగా ప్రార్థన చెయ్యలేదు, అందుకే దేవుడు ఇలా చేశాడు" అనే మాట దయచేసి అనకండి. ఆ మాట విన్న పిల్లలు నా గదిలో కూర్చుని ఏడుస్తారు. మీ ముందు ఏడవరు కాబట్టి మీకు తెలియదు. ఇద్దరు ముగ్గురు తండ్రులు, పేర్లు రాయను, పిల్లల్ని ఆదివారం సండే స్కూలు గేటు దగ్గర దింపి అటు నుంచి అటే ఇంటికెళ్లి పడుకుంటున్నారని పిల్లలే ఎంతో అమాయకంగా చెప్పారు. కుటుంబ ప్రార్థన సీరియల్ అయిపోయాక కాకుండా ముందు పెట్టుకుంటే, చిన్నవాళ్లు ఆమెన్ దాకా మేలుకుని ఉంటారు.

ఇంకొక మాట. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చేది ఎవరికి? వీసా వచ్చినవారికి, ఉద్యోగం వచ్చినవారికి, ఆపరేషన్ సక్సెస్ అయినవారికి. చెప్పాల్సిందే, సంతోషమే. కానీ ఇంకా తేలని కష్టంలో ఉన్నవారు వెనక బెంచీలో కూర్చుని, మన వంతు ఎప్పుడొస్తుందో అనుకుంటారు. పిల్లలు అది చూస్తూ పెరుగుతారు. కష్టం తీరినవాళ్లనే దేవుడు ప్రేమించాడని మనం నోటితో చెప్పకపోయినా వాళ్లు నేర్చుకుంటారు. అందుకని ఈ నెల నుంచి మొదటి శుక్రవారం చాపెల్‌లో ఇంకా జవాబు రానివారు మాట్లాడతారు. మొదటగా మా ఆయమ్మ మాట్లాడారు. కొడుకు ఇంటికి రాక ఎన్నేళ్లయిందో, రోజూ వాడి కంచం కూడా ఎందుకు కడుగుతారో చెప్పారు. పిల్లలు ఒక్కరు కూడా కదల్లేదు.

వచ్చే మొదటి శుక్రవారం తల్లిదండ్రులు కూడా రావచ్చు. మాట్లాడదలచుకున్నవారు ముందురోజు ఆఫీసులో చెప్పండి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ప్రసంగాలు వద్దు, పాస్టరుగారు ఉన్నారు. చాపెల్ ఎనిమిదిన్నరకు మొదలవుతుంది, ఎనిమిది నలభైకి గేటు వేసేస్తాం, అది మీకూ వర్తిస్తుంది. చెప్పాలని ఉండి పేరు చెప్పడం ఇష్టంలేని పెద్దవాళ్లు చీటీ రాసి డబ్బాలో వేయండి. పిల్లల చేతిరాతకీ మీ చేతిరాతకీ తేడా నాకు తెలుసు, కానీ అడగను.

వందనాలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు