ఊసరవెల్లి గూటికి మొక్కలు తెచ్చే ముందు

సభ్యులందరికీ నమస్కారం.

కొత్తగా వెయిల్డ్ ఊసరవెల్లిని తెచ్చుకున్నవారు గూటిలో ఏ మొక్కలు పెట్టాలని అడుగుతున్నారు. యెమెన్, సౌదీ ప్రాంతాలకు చెందిన ఈ జాతి పురుగులతో పాటు ఆకులనూ తింటుంది కనుక, మొక్క అందం కన్నా దాని ఆకు కడుపులోకి వెళ్లినా హాని చేయదన్న నమ్మకమే ముఖ్యం.

నా మొదటి ఎంపిక మందార. మా ఊసరవెల్లి పొద్దున్నే లేత మందారాకు అంచును నెలవంకలా కొరుకుతుంది, పువ్వు పెడితే రేకులనూ వదలదు. అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ కూడా మంచివే. మనీప్లాంటును చాలామంది పెడతారు గానీ, దాని ఆకుల్లో నోటిని మండించే ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి కాబట్టి నేను పెట్టను. రోడ్డు డివైడర్ల మీద కనిపించే గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఇళ్లలో అలంకారానికి పెంచే డిఫెన్‌బాకియా లాంటి విషపు మొక్కలు గూటి దరిదాపుల్లో కూడా ఉండకూడదు.

నర్సరీ మొక్కపై పురుగుమందు ఉండవచ్చు. ఆకులను రెండు వైపులా కడిగి, కుండీలో మట్టి మార్చి, కొన్ని వారాలు విడిగా ఉంచి, కొత్త చిగుళ్లు వచ్చాకే లోపల పెట్టండి.

ఊసరవెల్లి సాధారణంగా గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీది చుక్కలను నాకుతుంది. మన నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య తెలిసిందే, ఆ నీళ్లు చల్లితే ఆకులపై తెల్లటి మరకలు కూడా మిగులుతాయి. దయచేసి ఫిల్టర్ నీళ్లే చల్లండి.

మన చెలకల్లో తిరిగే ఊసరవెల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి, దాన్ని మాత్రం పట్టి తెచ్చి పెంచకండి.