ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి: మా ఎమ్మెస్సీ పిల్లలను మార్టేరు, అంబాజీపేట పరిశోధన కేంద్రాల గేటు దాటనివ్వండి

మంత్రి గారికి నమస్కారం.

భీమవరం దగ్గర ఒక కాలేజీలో ఎమ్మెస్సీ జువాలజీ చెబుతున్నాను. ఈ ఉత్తరం మా పిల్లల నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు గురించి. వినడానికి చిన్న విషయమే అనిపించొచ్చు, కానీ రీసెర్చ్ చేయాలని ఆశపడే పిల్లల దారి చాలావరకు అక్కడే తేలిపోతుందండి.

పీసీఆర్, అంటే డీఎన్‌ఏ ముక్కకు లక్షల కాపీలు తీసే పద్ధతి, ఆ పాఠం మేం బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాం. అందులో వేడి 94 డిగ్రీలు, 55, 72 అని పిల్లలు బట్టీపట్టి పరీక్షలో రాసేస్తారు. మెషీన్ మాత్రం చూసి ఉండరు. అదే ఊళ్లో ఆక్వా ల్యాబుల్లో రోజూ పీసీఆర్ నడుస్తూనే ఉంటుంది, రైతు చెరువులో రొయ్య పిల్లను వదిలే ముందు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు ఉందా, ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి ఉందా అని సీడ్ టెస్ట్ చేయించుకుంటాడు కాబట్టి. ఈహెచ్‌పీకి నమ్మదగ్గ మందు లేదు. అది పట్టిన రొయ్య వెంటనే చావదు, ఎదగదు, మేత ఖర్చు మాత్రం ఆగదు. ఆ రిపోర్టు వచ్చేదాకా రైతుకు ఎంత టెన్షనో మా పిల్లలకు బాగా తెలుసు, వాళ్లలో చాలామందివి చెరువులున్న ఇళ్లే. ఆ టెస్టు ఎలా చేస్తారో మాత్రం చేతులతో తెలియదు.

ఇక ప్రాజెక్టు అంటే హైదరాబాద్‌లోనో ఇంకోచోటో ఫీజు కట్టించుకునే ప్రైవేటు ల్యాబులే దిక్కు. అలా వెళ్లినవాళ్లలో కొందరికి బైండింగ్ చేసిన పుస్తకం చేతికొస్తుంది, ద్రవాన్ని కొలిచి తీసే పైపెట్ మాత్రం రాదు. తర్వాత పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "కంట్రోల్ ఏం పెట్టావు?" అని, అంటే పోల్చిచూడటానికి ఏ నమూనా పెట్టావని అడిగితే నోట మాట రాదు. తప్పు పిల్లలది కాదు. మేం వాళ్లకు నేర్పింది రికార్డు రాయడం, అంటే రావాల్సిన రిజల్టును కొట్టివేతలు లేకుండా నీటుగా దించడం. రీసెర్చ్‌లో రాయాల్సింది ఆరోజు నిజంగా ఏం జరిగిందో, జెల్‌లో డీఎన్‌ఏ గీత (బ్యాండ్) రాకపోతే రాలేదని, తేదీ వేసి. ఈ అలవాటు క్లాసులో రాదండి, పని జరిగే చోట పనిచేసేవాళ్ల పక్కన నిలబడితేనే వస్తుంది.

అలాంటి చోట్లు మనకు లేకనా? దేశంలో ఎన్నో రాష్ట్రాలు పండించిన స్వర్ణ వరి, 1982లో విడుదలైన ఎంటీయూ 7029, మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిందే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో కొబ్బరి తెల్లదోమ మీద వదలడానికి మిత్ర పురుగులను పెంచుతారు. కోరంగి మడ అడవులు ఉన్నాయి. కానీ మార్టేరు వ్యవసాయ యూనివర్సిటీది, అంబాజీపేట ఉద్యాన యూనివర్సిటీది, కోరంగి అటవీశాఖది, మా పిల్లలేమో మీ శాఖ పిల్లలు. ఒక శాఖ ఉత్తరం ఇంకో శాఖ టేబుల్ మీదే ఉండిపోతుంది. మీరు ఆ శాఖలతో కూర్చుని ఒక్క ఒప్పందం చేసుకుంటే, ఏటా కొంతమందిని నాలుగో సెమిస్టర్ మొత్తం అక్కడ పనిచేయనిస్తే చాలు. బస్సుకు, మధ్యాహ్నం భోజనానికి సరిపడా స్టైపెండ్ ఇప్పించండి. దూరం పంపరని ఆగిపోయే ఆడపిల్లలకు ఇది మరీ అవసరం.

పీహెచ్‌డీలో చేరినవాళ్ల సంగతీ చూడండి. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రానివాళ్లకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నెలకు ఇచ్చే 8,000 సెంట్రల్ యూనివర్సిటీల్లో చదివేవాళ్లకే. మన రాష్ట్ర యూనివర్సిటీలో చేరినవాళ్లు ట్యూషన్లు చెప్పుకుంటూ ఎక్స్‌పెరిమెంట్లు చేయాలా?

ఇంకొకటి. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలల రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి, దేశంలోని మంచి ల్యాబులో పనిచేయొచ్చు. దానికి ఏం చేయాలనుకుంటున్నారో సొంత మాటల్లో రాయాలి, టీచర్ ఉత్తరం ఉండాలి. మా చుట్టుపక్కల కాలేజీల్లో ఆ సంగతి తెలిసినవాళ్లే తక్కువ. ప్రతి కాలేజీలో ఒక లెక్చరర్‌కు ఇది డ్యూటీగా వేసి, అందుకు వారంలో రెండు పీరియడ్లు తగ్గించండి.

నాలుగో సెమిస్టర్ మొదలయ్యేలోపు ఉత్తర్వు వస్తే ఈ బ్యాచ్‌కే పనికొస్తుంది. ఏ కేంద్రంలో ఎంతమందిని తీసుకోగలరో, ఎవరిని కలవాలో కనుక్కుని జాబితా చేసే పని నాకు చెప్పండి, చేసి పంపుతాను.

ఇట్లు,
భీమవరం దగ్గర ఒక జువాలజీ లెక్చరర్