ఒక్క క్లిక్కే కదా అన్నావు కదరా

ఒరేయ్ కిట్టూ,

నీ మెసేజ్ చూసి రెండు రోజులైంది. చాట్‌లోనే రిప్లై ఇద్దామని మొదలెడితే అది ఎంతకీ తెగట్లేదు, అందుకే ఇలా ఉత్తరంలాగా రాస్తున్నా, తీరిగ్గా చదువు. "స్టీమ్‌లో ప్లే కొడితే ఇంకో లాంచర్ ఓపెన్ అవుద్ది, అంతేగా, ఒక్క క్లిక్కే కదా, దానికింత కోపమేంట్రా" అన్నావు. అంటే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో కొన్న గేమ్ తెరవబోతే, ముందు గేమ్ కంపెనీ వాడి సొంత ప్రోగ్రామ్ ఇంకోటి, అదే లాంచర్, మధ్యలో తెరుచుకోవడం నీకు చిన్న విషయం. నువ్వు రోజూ అదే మల్టీప్లేయర్ గేమ్ ఆడతావు, అదే లాంచర్‌లో ఉంటావు, నీ లాగిన్ ఎప్పుడూ పోదు, కాబట్టి నీకలా అనిపించడంలో తప్పేం లేదు. నేను మాత్రం పోయిన నెల నుంచి ఆ ఒక్క క్లిక్ దగ్గరే ఆగిపోయి ఉన్నా.

ఏమైందంటే, నాకిప్పుడు ఆడుకోడానికి దొరికేదే పాప పడుకున్నాక ఓ గంట. ఐదేళ్ళ క్రితం స్టీమ్ సేల్‌లో కొన్న సింగిల్ ప్లేయర్ గేమ్ ఒకటుంది, అదేరా, అప్పట్లో దాని కథ నీకు ఫోన్లో ఎపిసోడ్ల లెక్కన చెప్పేవాణ్ణి. ముప్పావు వంతు అయ్యాక ఉద్యోగం మారడం, పాప పుట్టడం, అలా మూడేళ్ళు దాని జోలికే వెళ్ళలేదు. ఆ రోజు ఎందుకో అందులో ఆ వాన పడే రేవు ఊరు గుర్తొచ్చి ప్రాణం లాగేసింది, పొద్దున్నే డౌన్‌లోడ్ పెట్టి ఆఫీస్‌కెళ్ళా, రాత్రి లైట్లు తీసేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని ప్లే కొట్టా.

గేమ్ రాలేదు, కంపెనీ వాడి లాంచర్ వచ్చింది. పాత లాంచర్ ఆపేశాం, కొత్తది ఇన్‌స్టాల్ చేసుకో అంది, చేశా. అది ఓపెన్ అవ్వంగానే తనని తాను అప్‌డేట్ చేసుకుంది, రీస్టార్ట్ అయ్యింది, లాగిన్ అడిగింది. పాస్‌వర్డ్ గుర్తుంది, కొట్టా. "మీ మెయిల్‌కి కోడ్ పంపాం" అంది. ఏ మెయిల్‌కి? నా పాత ఆఫీస్ మెయిల్‌కి. ఆ ఉద్యోగం మానేసిన రోజే ఆ మెయిల్ పోయింది కదా. సరే పోనీ అని ఇప్పటి మెయిల్‌తో కొత్త అకౌంట్ చేసి మళ్ళీ ప్లే కొడితే, ఈ గేమ్ ఇప్పటికే వేరే అకౌంట్‌కి లింక్ అయి ఉంది అని చెప్పి మూసేసింది. ఆ వేరే అకౌంటూ నాదేరా బాబూ! స్టీమ్‌లో చూస్తే గేమ్ నా లైబ్రరీలో ఉంది, నా పేరు మీద 62 గంటలు ఆడినట్టు ఉంది, ఫైళ్ళన్నీ నా డిస్క్‌లోనే ఉన్నాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అచ్చం అదే.

సపోర్ట్‌కి రాశా. మూడు రోజులు బాట్ సమాధానాలే, తర్వాత ఎవరో మనిషి వచ్చి కొన్న రసీదు పంపమన్నారు, స్టీమ్ రసీదు పంపితే మా స్టోర్‌లో కొన్న రసీదు కావాలన్నారు, నేను మీ స్టోర్‌లో కొనలేదు మహాప్రభో అంటే అయితే స్టీమ్‌ని అడగమన్నారు, స్టీమ్ వాళ్ళేమో గేమ్ మీ దగ్గరే ఉంది, ఆ అకౌంట్ సంగతి గేమ్ కంపెనీ వాళ్ళే చూడాలన్నారు. మళ్ళీ ఇటొస్తే, నేను రెండుసార్లు రిప్లై ఇచ్చిన ఫిర్యాదు టికెట్‌ని రిప్లై రాలేదని మూసేశారు. పంతొమ్మిది రోజులు. ఆట ఎక్కడిదాకా ఆడానో దాచే సేవ్ ఫైల్స్ ఆ పాత అకౌంట్‌కే కట్టేసి ఉన్నాయి, కాబట్టి ఇప్పుడు మళ్ళీ డబ్బులు పెట్టి కొన్నా మొదట్నుంచే ఆడాలి. ఇది నెట్‌లో ఎవరితోనూ పని లేని గేమ్, నేనొక్కణ్ణే నా కంప్యూటర్‌లో ఆడుకునేది. దానికి నేనెవరో వాడికి రుజువు చేసుకోవాల్సిన పనేంటో నాకిప్పటికీ అర్థం కావట్లేదు.

స్టీమ్ కూడా లాంచరే కదా, దాన్నేమీ అనవేం అంటావు, నాకు తెలుసు. స్టీమ్‌ని కూడా జనం అప్పట్లో మామూలుగా తిట్టలేదు. 2003 సెప్టెంబర్‌లో వాల్వ్ అనే గేమ్ కంపెనీ దాన్ని తెచ్చింది, తర్వాతి ఏడాది నవంబర్‌లో వాళ్ళ గేమ్ హాఫ్ లైఫ్ 2 వస్తే షాపులో డిస్క్ కొన్నవాళ్ళు కూడా స్టీమ్ పెట్టుకుని నెట్‌లో యాక్టివేట్ చేసుకోక తప్పలేదు, ఆ రద్దీకి సర్వర్లు తట్టుకోలేక చేతిలో డిస్క్ పెట్టుకుని జనం ఎదురు చూశారు. ఇప్పుడు నేను పడుతున్నదీ అదే కడుపుమంట. కాకపోతే ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో వాడు మనకి చాలా ఇచ్చాడు. సేవ్ ఫైల్స్‌ని నెట్‌లో దాచే క్లౌడ్ సేవ్స్, వర్క్‌షాప్‌లో ఆటగాళ్ళే చేసిపెట్టే గేమ్ మార్పులు, అంటే మాడ్స్, ఏ కంట్రోలర్ తగిలించినా పనిచేసే సెటప్, 2015 నుంచి రెండు వారాల్లోపు రెండు గంటల కన్నా తక్కువ ఆడితే డబ్బులు వెనక్కి, 2018లో ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాక విండోస్ గేమ్స్ లినక్స్‌లో కూడా నడవడం. అదీ చివరికి తాళమేరా, కాదనను, రేపు స్టీమ్ మూతపడితే అక్కడా నా గతి ఇంతే. కానీ వాడు తీసుకున్నదానికి బదులు ఏదో ఒకటి చేతిలో పెట్టాడు. ఈ రెండో లాంచర్ నాకు ఇచ్చిందేంటో చెప్పు? అచీవ్‌మెంట్లు స్టీమ్‌లో ఉన్నాయి, ఫ్రెండ్స్ స్టీమ్‌లో ఉన్నారు, డౌన్‌లోడ్ స్టీమ్ చేస్తుంది. ఇది మధ్యలో నిలబడి, వాళ్ళ కొత్త గేమ్ పోస్టర్ ఒకటి చూపించి, అప్పుడు దారి వదులుతుంది, అదీ మూడ్ బాగుంటేనే.

కంపెనీల వైపు నుంచి కూడా ఆలోచించా. స్టీమ్ మామూలుగా అమ్మకంలో 30 శాతం తీసుకుంటుంది, అది చిన్న వాటా కాదు, సొంతంగా అమ్ముకుంటే ఆ డబ్బు మిగులుతుంది, న్యాయమే. అందుకే పెద్ద గేమ్ కంపెనీల్లో ఈఏ 2011లో ఆరిజిన్ అని సొంత స్టోర్ పెట్టింది, బెథెస్డా 2018లో ఫాల్అవుట్ 76 గేమ్‌ని పీసీలో తన లాంచర్‌లోనే రిలీజ్ చేసింది, యూబీసాఫ్ట్ కొన్నేళ్ళ పాటు కొత్త గేమ్స్‌ని స్టీమ్‌కి ఇవ్వడం మానేసింది. బయట అమ్ముకుంటే నాకేం అభ్యంతరం లేదు, కొనాలనిపిస్తే అక్కడికే వెళ్ళి కొంటా. కానీ చివరికి ఏమైంది, ఈఏ 2019లో స్టీమ్‌కి తిరిగొచ్చింది, యూబీసాఫ్ట్ 2022లో వచ్చింది, వచ్చేటప్పుడు ఆ లాంచర్‌ని కూడా చంకనేసుకుని వచ్చాయి. అక్కడే నాకు ఒళ్ళు మండేది! నేను స్టీమ్‌లో కొన్నా, స్టీమ్ తన వాటా తీసేసుకుంది, మిగిలింది కంపెనీకి చేరింది, లెక్క అయిపోయింది. ఇంక ఆ లాంచర్ ఎవరి డబ్బు ఆదా చేస్తున్నట్టు? నా అకౌంట్ వాళ్ళ లిస్టులో ఉండాలి, నేను ఎప్పుడు ఏం ఆడుతున్నానో వాళ్ళకి తెలియాలి, ఇంకో గేమ్ నా మొహాన చూపించాలి, అంతకు మించి నాకైతే కారణం కనపడట్లేదు. ఈ విషయంలో బెథెస్డాని మెచ్చుకోవాలి, 2022 మేలో లాంచర్ మూసేసే ముందు అందరి గేమ్స్‌ని స్టీమ్‌కి మార్చుకునే దారి ఇచ్చి మరీ మూసింది.

నా ఒక్కడి ఖర్మ అనుకోకు. 2021 నవంబర్‌లో పాత జీటీఏ గేమ్స్ మూడింటిని కొత్తగా మెరుగుపెట్టిన జీటీఏ ట్రిలజీ రీమాస్టర్ రిలీజైన రోజే, ఆ గేమ్స్ కంపెనీ రాక్‌స్టార్ లాంచర్ పడిపోయింది, ఒక రోజుకి పైగా లేవలేదు. కొత్తది కొన్నవాళ్ళ సంగతి వదిలెయ్, ఎప్పుడో కొన్న జీటీఏ 5, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లో ఒక్కళ్ళే కూర్చుని స్టోరీ ఆడుకునేవాళ్ళకి కూడా గేమ్ తెరుచుకోలేదు. 2010 మార్చిలో అసాసిన్స్ క్రీడ్ 2 పీసీకి వచ్చినప్పుడూ ఇంతే, ఆడినంతసేపూ నెట్ ఉండాలని యూబీసాఫ్ట్ రూల్ పెట్టింది, ఎవరో వాళ్ళ సర్వర్ల మీద దాడి చేశారు, డబ్బులిచ్చి కొన్నవాళ్ళు బయట నిలబడ్డారు. పైరసీ కాపీ ఆడేవాడికి ఈ లాంచర్ బాధే ఉండదు, ఆ కాపలా అంతా కొన్నవాడికే.

ఇంకోటి, ఈ లాంచర్లు పోయేటప్పుడు ఊరికే పోవు. మైక్రోసాఫ్ట్ గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ అని 2007లో ఒకటి మొదలెట్టింది గుర్తుందా, జీటీఏ 4 లో అది లాగిన్ అయితే తప్ప సేవ్ అవ్వదని నువ్వే ఏడ్చేవాడివి. ఆ స్టోర్ 2013లోనే మూసేశారు. అయినా 2020 జనవరిలో జీటీఏ 4 స్టీమ్‌లో అమ్మకానికి లేకుండా పోయింది, కారణం ఆ చచ్చిపోయిన సర్వీస్‌కి కావాల్సిన యాక్టివేషన్ కీలు (గేమ్ తెరిచే కోడ్లు) ఇంక కొత్తవి తయారు చెయ్యలేకపోవడం. రెండు నెలల తర్వాత ఆ సర్వీస్‌ని గేమ్‌లోంచి పీకేసి గేమ్‌ని మళ్ళీ అమ్మకానికి పెట్టారు, కానీ మల్టీప్లేయర్ పోయింది. మనం నలుగురం పొద్దుపోయేదాకా ఆ హెలికాప్టర్లు గుద్దుకుంటూ తిరిగిన మల్టీప్లేయరే అది, ఇంక లేదు. 2కె అనే గేమ్ కంపెనీ వాళ్ళది ఇంకా విచిత్రం, బయోషాక్ లాంటి పాత సింగిల్ ప్లేయర్ గేమ్‌కి 2022లో, కొన్న ఇన్నేళ్ళకి, అప్‌డేట్ పేరుతో లాంచర్ తగిలించారు. పిలవని పేరంటం అంటే అదే. జనం గోల గోల చేస్తే చివరికి 2024లో చాలా గేమ్స్ నుంచి తీసేశారు. అది చూసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే తియ్యడం కుదరదని చెప్పే ప్రతివాడికీ అదొక జవాబు.

యూబీసాఫ్ట్ ది క్రూ కథ నీకు తెలిసే ఉంటుంది, కార్ గేమ్స్ పిచ్చోడివి కదా. 2014లో వచ్చిన గేమ్, ఒంటరిగా ఆడినా సర్వర్ కావాలి, 2024 మార్చి 31న సర్వర్ ఆపేశారు, ఆ వెంటనే కొన్నవాళ్ళ లైసెన్సులు కూడా తీసేశారు. దాని మీదే రాస్ స్కాట్ అనే ఆయన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అని ఉద్యమం మొదలెట్టాడు, యూరప్‌లో 2025 జులైకి సంతకాలు పది లక్షలు దాటాయి. ఆ సంతకాలు పెట్టినవాళ్ళలో అసలు ఆ గేమ్ ఎప్పుడూ ఆడనివాళ్ళు కూడా చాలామంది ఉండి ఉంటారు. నేనూ ఆడలేదు. అయినా ఆ వార్త చదివి నిద్ర పట్టలేదు, నమ్ముతావో లేదో. కాలిఫోర్నియాలో అయితే చట్టమే తెచ్చారు, 2025 జనవరి నుంచి ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అయితే ఆ ముక్క కొనేవాడికి చెప్పకుండా "కొనండి" అని రాయకూడదు. చెప్పడం మంచిదే, కానీ నాకు కావాల్సింది వాడు చెప్పడం కాదు, నా గేమ్.

ఇంతకీ ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, మెసేజ్ చివర్లో వచ్చే నెల ఉద్యోగం మారుతున్నా అని ఒక లైన్ రాసి వదిలేశావు. ముందు కంగ్రాట్స్‌రా, నిజంగా చాలా ఆనందంగా ఉంది. కానీ నీ గేమ్ అకౌంట్లు సగం ఆఫీస్ మెయిల్ మీదే ఉన్నాయని నాకు తెలుసు, ఆ రోజుల్లో మనిద్దరం పక్కపక్క సీట్లలో కూర్చునే చేసుకున్నాం అవి. ఆ మెయిల్ ఉండగానే ఒక్కో లాంచర్‌లోకీ వెళ్ళి మెయిల్ మార్చెయ్. కొన్నింట్లో మార్చాలంటే పాత మెయిల్‌కే కోడ్ వస్తుంది, అందుకే ఆఖరి రోజుదాకా ఆగకు. పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే టూ స్టెప్ పెట్టుకుంటే వాళ్ళిచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పెట్టుకో. సేవ్ ఫోల్డర్లు కాపీ చేసి వేరే డిస్క్‌లో పడెయ్. కొత్తది కొనేముందు స్టీమ్ పేజీలో కుడివైపు చూడు, వేరే అకౌంట్ కావాలంటే అక్కడ రాసి ఉంటుంది, అదే గేమ్ గాగ్ (GOG) అనే ఇంకో ఆన్‌లైన్ షాపులో దొరికితే నేనిప్పుడు అక్కడే కొంటున్నా, ఇన్‌స్టాలర్ దించుకుని దాచుకోవచ్చు, ఏ లాంచర్నీ అడగక్కర్లేదు.

నా టికెట్ నిన్న మళ్ళీ తెరిచా, ఈసారి పాత ఆఫీస్ హెచ్ఆర్ నుంచి ఆ మెయిల్ నాదేనని లెటర్ తెచ్చి జత చేశా. ఏమంటారో చూడాలి. నువ్వు మాత్రం ఈ శనివారమే కూర్చుని ఆ మెయిళ్ళు మార్చి, అయిపోయిందని నాకొక మెసేజ్ పెట్టు. పెట్టేదాకా రోజూ అడుగుతా.

నీ
చిన్నా