విషయం: ‘పరిష్కారమైంది’ అంటూ మూడుసార్లు మూసేసిన నా ఫిర్యాదు

తిరుపతి

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

అయ్యా,

నేను ఆరేళ్లుగా ఏటా చందా కట్టి మీ ఫోటోల సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. నా మాట విని మరో ఇద్దరు స్టూడియో మిత్రులు కూడా కొన్నారు. గత నెల మీరు పంపిన అప్‌డేట్ తరువాత నా గంగమ్మ జాతర ఫోటోలన్నీ 1970 జనవరి 1న తీసినట్టు కనబడుతున్నాయి. బైరాగి వేషం, తోటి వేషం, మాతంగి వేషం అని ఒక్కొక్కదానికి నేను పెట్టుకున్న ట్యాగులు పోయాయి. సాఫ్ట్‌వేర్ అన్నాక పొరపాట్లు తప్పవు. మా తమ్ముడి కొడుకు చీర కట్టుకుని మొక్కు తీర్చుకున్న ఫోటోలో మీ ముఖాల గుర్తింపు వాడిని కొత్త మనిషిగా లెక్కగట్టినా నేనేమీ అనలేదు, ఎందుకంటే ఆ రోజు వాడి తాతే వాడిని పోల్చుకోలేకపోయారు.

నా బాధ ఆ తరువాతిది. మొదట చాట్‌లోకి వచ్చిన వారు కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు, చేశాను. రెండవవారు అదే మాట చెప్పి, కెమెరాలో తేదీ సరిచూసుకోమన్నారు. తీసిన తేదీ ఫోటో ఫైలులోనే ఉంటుందనీ, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే సరిగ్గానే కనబడుతోందనీ స్క్రీన్‌షాట్లతో సహా వివరించాను. కొడాక్ ఇంజినీరు తొలి డిజిటల్ కెమెరా తయారు చేసిందే 1975లో కాబట్టి, 1970లో నేను దేనితో తీసి ఉంటానో కూడా వారినే అడిగాను. జవాబుగా, “స్క్రీన్‌షాట్ పంపగలరా?” అన్నారు. మూడవవారికి మొదటి నుంచి చెబుతుండగా చాట్ తెగిపోయింది. నాలుగవవారు 48 గంటల్లో పైఅధికారి ఫోన్ చేస్తారన్నారు; ఆ రెండు రోజులూ, ముహూర్తం వేళ కూడా, ఫోన్ చేతిలోనే పట్టుకుని పెళ్లి ఫోటోలు తీశాను. చివరికి రాత్రి పదకొండు దాటాక వచ్చింది ఫోన్ కాదు, “మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?” అనే సందేశం, అదీ మూడోసారి.

తేదీలూ ట్యాగులూ తిరిగి రావాలి, రాకపోతే ఈ ఏటి చందా వాపసు ఇవ్వాలి. అంతకంటే ముందు, నేను పంపినవి చదివిన మనిషి ఒక్కరైనా నాతో మాట్లాడాలి. వారం రోజుల్లో ఆ ఫోన్ రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న ఊరి నుంచే కేసు వేయవచ్చు కనుక, మీరే ఇక్కడికి రావలసి ఉంటుంది.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు