తోరణం కట్టారు సరే, లీజు మాటేమిటి?

సంపాదకులకు,

లండన్‌లోని బ్రిక్ లేన్ వీధి గురించి రాసేవాళ్లు చాలామంది 59వ నంబరు భవనం దగ్గరే ఆగిపోతారు. 1743లో ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు కట్టుకున్న చర్చి అది. తర్వాత మెథడిస్టుల మందిరమైంది, 1890ల చివర్లో యూదుల సినగాగ్ అయింది, 1976 నుంచి బంగ్లాదేశీల మసీదు. వినసొంపైన కథే. కానీ అందులో వచ్చినవాళ్ల ఊసే తప్ప, పోయినవాళ్లు ఎందుకు పోయారో ఉండదు.

ఆ వీధికి బంగ్లాటౌన్ అని పేరు పెట్టారు, తోరణం కట్టారు, బోర్డులు బెంగాలీలోనూ రాయించారు. అయినా 2000 దశకం మధ్యలో 60 దాకా ఉన్న బంగ్లాదేశీ హోటళ్లు 2020 నాటికి 23 మిగిలాయి. వంటవాళ్లకు వీసాలు దొరక్కపోవడం, పిల్లలు వేరే ఉద్యోగాలకు వెళ్లడం కూడా కారణాలే. అద్దె లీజుల సంగతి మాత్రం విడిగా చెప్పుకోవాలి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1954 నాటి చట్టం ప్రకారం, లీజు గడువు తీరినా దుకాణదారు కొనసాగవచ్చు, కొత్త లీజు అడగవచ్చు. అయితే ఒప్పందానికి 14 రోజుల ముందు హెచ్చరిక పత్రం ఇచ్చి యజమాని ఈ రక్షణను తీసేయించవచ్చు. అంత వ్యవధి లేకుంటే సొలిసిటర్ (న్యాయవాది) ఎదుట ప్రమాణ పత్రం చేయిస్తారు. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకు అది కట్టలో మరో కాగితం, అంతే.

రక్షణ ఉన్నవాళ్లు దెబ్బతినేది తేదీ దగ్గర. లీజు ఫలానా తేదీకి ముగుస్తుందని చెప్పే 25వ సెక్షన్ నోటీసును యజమాని ఆ తేదీకి 6 నుంచి 12 నెలల ముందు ఇస్తాడు. అందులో ఉన్న తేదీలోగా కోర్టుకు దరఖాస్తు వెళ్లాలి, లేదా గడువు పొడిగింపుకు ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. బేరాలు నడుస్తున్నాయి కదా అని ఊరుకుంటే హక్కు పోయినట్టే. యజమాని ఎంత మంచివాడైనా నోటిమాట చెల్లదు.

భవనం కూల్చి కట్టుకుంటాననో, తానే వాడుకుంటాననో కొత్త లీజు నిరాకరిస్తే, రక్షణ ఉన్న దుకాణదారుకు సాధారణంగా పరిహారం వస్తుంది. మామూలుగా అది దుకాణం రేటబుల్ వాల్యూకు, అంటే ఆస్తి పన్ను లెక్క కోసం అధికారులు కట్టిన ఏడాది అద్దె విలువకు సమానం. అదే వ్యాపారం అక్కడ 14 ఏళ్లు నడిస్తే రెట్టింపు. తండ్రి నడిపిన వ్యాపారాన్నే కొడుకు కొనసాగిస్తే తండ్రి ఏళ్లూ లెక్కకు వస్తాయి. అందుకు రుజువు కావాలి కాబట్టి పాత లీజులు, రేట్స్ (దుకాణం పన్ను) బిల్లులు, వ్యాపారం చేతులు మారినప్పటి కాగితాలు పారేయకూడదు. లండన్‌లో దుకాణం తెరిచే తెలుగువాళ్లకూ ఇదే చట్టం.

ఇట్లు,
ఒక పాఠకుడు