నవంబరు వార్తాలేఖ: ఎదిగే పిల్లల బరువు, ఇంటి వంట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవులయ్యాక పిల్లలందరి ఎత్తు, బరువు కొలిచి ఆ కాగితం డైరీలో పెట్టి పంపాం. అది అందిన మర్నాటి నుంచి ఆఫీసు గదికి వస్తున్న ప్రశ్న ఒక్కటే: "మా పాప బరువు ఎక్కువుందని రాశారు కదా మేడం, రాత్రి అన్నం మాన్పించేదా?" వద్దమ్మా. ఏ పూటా మాన్పించొద్దు. ఎందుకు వద్దో, దానికి బదులు ఏం చేయాలో చెప్పడానికే ఈ నెల ఉత్తరం.

ఎదిగే పిల్లల బరువు లెక్క వేరు. పదేళ్ల బిడ్డ ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు అనుకుందాం. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 22 వస్తుంది, ఆ వయసుకు అది ఎక్కువే. ఏడాదికి ఆరు సెంటీమీటర్ల చొప్పున రెండేళ్లలో ఆ బిడ్డ 150కి చేరితే, బరువు అదే 42 దగ్గర నిలిస్తే, బీఎంఐ 18.7కి దిగుతుంది. ఒక్క కిలో కూడా తగ్గకుండానే. అందుకే చాలామంది పిల్లల విషయంలో డాక్టర్లు కోరేది బరువు పెరగడం నెమ్మదించాలని, ఎత్తు దాన్ని అందుకోవాలని. పెద్దవాళ్లకు చెప్పే బీఎంఐ 23, 25 గీతలు పిల్లలకు పనికిరావు. వాళ్లకు వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్ని బట్టి గీసిన పట్టికలు ఉన్నాయి. 5 నుంచి 18 ఏళ్ల వారికి భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన పట్టికలతోనే మేం మీ పిల్లల కాగితం తయారు చేశాం.

పూట మాన్పిస్తే జరిగేది వేరు. రాత్రి పస్తున్న బిడ్డకు మర్నాడు రెండో పీరియడ్‌కే కళ్లు తిరుగుతాయి. సాయంత్రానికి ఆకలి పట్టలేక, ఎవరూ చూడకుండా బిస్కెట్ ప్యాకెట్ మొత్తం తినేస్తుంది. ఎముకకు, కండకు అందాల్సింది అందదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకైతే రక్తం తగ్గొచ్చు, నెలసరి తప్పొచ్చు.

మరి మార్చాల్సింది ఏది? ముందు నూనె డబ్బా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి వంటనూనె 27 గ్రాములు చాలు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు కత్తిరిస్తున్నారో ఒక్కసారి లెక్కపెట్టండి. ఆరు లీటర్లు అవుతుంటే, తలకు రోజుకు 45 గ్రాములు పడుతున్నట్టు. ఆ అదనపు నూనె నుంచే ఒక్కొక్కరికి రోజూ 160 క్యాలరీలు చేరుతున్నాయి, అదీ కడుపు నిండకుండా. చేయాల్సిందల్లా ఒకటో తేదీన నెలకు సరిపడా నూనె విడిగా ఒక డబ్బాలో పోసుకుని, అందులోంచి చెంచాతో కొలిచి వాడటం. ప్యాకెట్‌తో నేరుగా బాండ్లీలో వంచితే ఎవరి చేతికీ కొలత నిలవదు.

ఆదివారం ఉగ్గాని, బజ్జి మన ఊరి ఇళ్లలో ఆగేవి కావు, ఆపాల్సిన పని కూడా లేదు. బొరుగులు తడిపి, ఉల్లిగడ్డ, టమోటా దండిగా వేసి, ఇంటిల్లిపాదికీ రెండు పెద్ద చెంచాల నూనెతో ఉగ్గాని బాగానే కుదురుతుంది. పుట్నాల పొడి ఎలాగూ వేస్తారు. చిక్కంతా బజ్జితోనే. నూనె సరిగా కాగకముందే వేసినా, పిండిలో సోడా ఎక్కువైనా బజ్జి నూనె పీలుస్తుంది. నూనె బాగా కాగాక వేసి, తలా రెండుతో ఆపండి.

సంగటి గురించి ఒక మాట. రాగిసంగటి తింటే సన్నబడతారన్న నమ్మకం బాగా వ్యాపించింది. రాగుల్లో సున్నం (కాల్షియం), పీచు బియ్యం కంటే చాలా ఎక్కువ, పిల్లలకు తప్పకుండా పెట్టండి. క్యాలరీల దగ్గరికొస్తే వంద గ్రాముల రాగిపిండికి 320, వంద గ్రాముల బియ్యానికి 356. పెద్ద తేడా లేదు. తాతలు పూటకు రెండు ముద్దలు తిన్నారంటే, ఆ ముద్ద తిని మడక దున్నారు. బెంచీ మీద కూర్చునే బిడ్డకు పిడికిలంత ముద్ద, దానికి రెండింతలు ఆకుకూర పప్పు సరిపోతుంది. ఊరిబిండి పచ్చడి చెంచాడు చాలు, అందులో పడేవి బుడ్డలే (వేరుశెనగలే) కదా.

లంచ్ బాక్సుల సంగతి. మధ్యాహ్నం మూతలు తీసినప్పుడు ఎక్కువ కనిపించేది అంచుదాకా అదిమిన చిత్రాన్నం, మూలన ఒక వేపుడు ముక్క, పక్కన చిప్స్ పొట్లం. అదే డబ్బాను ఇలా పంచండి: సగం కూర, అంటే బీరకాయో, బెండకాయో, క్యారెట్టో, ఒక పావు అన్నం లేదా జొన్నరొట్టె, మిగిలిన పావు గట్టిపప్పు, అలసందలు లేదా ఉడికించిన గుడ్డు. మొదటి వారం కూర మిగిల్చి తెస్తారు. తిట్టొద్దు. మర్నాడు మళ్లీ అదే కూర కొద్దిగా పెట్టండి. కొత్త కూర నాలుకకు అలవాటు పడాలంటే పది సార్లయినా పళ్లెంలో కనబడాలి.

అన్నిటికంటే గట్టిగా చూసుకోవాల్సిన సమయం సాయంత్రం బస్సు దిగినప్పటి నుంచి ఆరింటిదాకా. మధ్యాహ్నం తిన్నది అరిగిపోయి ఉంటుంది, పిల్లలు ఏది చేతికందితే అది తింటారు. కాబట్టి చేతికందేది మీరే పెట్టి ఉంచండి: ఉడకేసిన బుడ్డలు ఒక గుప్పెడు, జామకాయ, ఉల్లిగడ్డ కలిపిన బొరుగులు, ఒక గ్లాసు పల్చటి మజ్జిగ. చీనీకాయలు (బత్తాయిలు) మన జిల్లా పంటే, చౌకగా దొరుకుతాయి. కానీ జ్యూస్ తీయొద్దు. ఒక గ్లాసుకు మూడు నాలుగు కాయలు పిండి, పైన చక్కెర వేసి, పీచంతా పారేస్తాం. ఒక కాయ ఒలిచి తొనలు తినిపిస్తే ఆకలీ తీరుతుంది. కూల్‌డ్రింక్ 250 మిల్లీలీటర్ల సీసాలో చక్కెర దాదాపు 27 గ్రాములు, ఐదు చెంచాల పైన. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తినుబండారాలు బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. గేటు దగ్గర మేం చూసుకుంటాం, మీరు జేబులో పది రూపాయలు పెట్టి పంపకండి.

ఆట విషయంలో మా లోటు ముందే ఒప్పుకుంటాం. వారానికి రెండు ఆటల పీరియడ్లు కలిపి 80 నిమిషాలు. పిల్లలకు కావాల్సింది రోజుకు సగటున 60 నిమిషాలు, అంటే వారానికి 420. మిగిలింది ఇంటి దగ్గరే పూరించాలి. అంతా ఒకేసారి అక్కర్లేదు. పొద్దున పది నిమిషాలు తాడాట, సాయంత్రం వీధిలో కబడ్డీ, ఖోఖో, తొక్కుడు బిళ్ల, సైకిలు, ఏదైనా లెక్కలోకి వస్తుంది. గుండె వేగం పెరగాలి, చెమట పట్టాలి. ఎముక గట్టిపడే ఎగురుడు, పరుగు ఆటలు వారానికి మూడు రోజులైనా ఉండాలి. ట్యూషన్ ఉందని ఆట తీసేయకండి. నిద్ర కూడా అంతే: 12 ఏళ్ల లోపు వారికి 9 గంటలకు తగ్గకుండా, పదో తరగతి పిల్లలకైనా కనీసం 8 గంటలు.

ఇక మీ సంగతి. పిల్లల పళ్లెం ఒకటి, పెద్దల పళ్లెం ఒకటి అయితే ఇంట్లో ఏదీ నిలవదు. మన దేశంలో పెద్దవాళ్లకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. తగ్గాల్సినవారు వారానికి అర కిలో చొప్పున తగ్గితే చాలు. ఇప్పుడు మొదలుపెడితే సంక్రాంతికి నాలుగు కిలోలు. కిలో కొవ్వులో సుమారు 7700 క్యాలరీలుంటాయి కాబట్టి రోజుకు 500 తగ్గిస్తే దాదాపు సరిపోతుంది: రెండు చెంచాల నూనె, ఒక కప్పు అన్నం, రెండు కాఫీల్లోని చక్కెర తగ్గించడం, అరగంట వడివడి నడవడం, ఇవి నాలుగూ కలిపితే ఆ లెక్క వచ్చేస్తుంది. ఆర్ట్స్ కాలేజీ మైదానంలోనో, మీ వీధిలోనో, మాట్లాడగలిగి పాట మాత్రం పాడలేనంత వేగంతో నడవండి. మొదటి వారం 15 నిమిషాలు, వారానికి ఐదేసి పెంచుతూ పోండి. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, కాసేపు ఆగి మరో పది. ఉట్టి తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఇది దాన్ని కాపాడుతుంది.

వారంలో మూడు కిలోలు తగ్గిస్తామనే పొడుల జోలికి పోకండి. మొదట పోయేది నీరు. తిండి ఒక్కసారిగా కోసేస్తే రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది, పిత్తాశయంలో రాళ్లు పడే ప్రమాదం పెరుగుతుంది, మామూలు తిండికి రాగానే బరువు తిరిగొస్తుంది. తేనె, నిమ్మరసం కూడా కొవ్వు కరిగించవు. షుగరు మాత్రలో, ఇన్సులినో వాడేవారు తిండి తగ్గించే ముందు డాక్టరుతో మోతాదు సరిచూసుకోవాలి, లేకపోతే షుగరు పడిపోతుంది. తూకం వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున ఏమీ తినకముందు. రోజూ చూస్తే ఉప్పుకూ నీటికీ కిలో అటూఇటూ ఊగుతుంది, అనవసరంగా మనసు పాడవుతుంది. ఒకటిన్నర, రెండు నెలలకు బరువు కదలకపోతే కంగారుపడకండి. తేలికైన ఒంటికి తిండి తక్కువ చాలుతుంది, పైగా నూనె, అన్నం కొలతలు మెల్లగా పెరిగి ఉంటాయి. మళ్లీ చెంచా తీసి కొలవండి, నడక పది నిమిషాలు పెంచండి.

పిల్లల్ని మాత్రం ఇంట్లో తూకం ఎక్కించకండి. "లావు", "బొండాం" అనే మాటలు ముద్దుగా కూడా వద్దు, అత్తలు, మామలు అన్నా అడ్డుకోండి. ఆ మాట విన్న పిల్లలు ముందు మానేసేది ఆటనే.

ఒకటి జాగ్రత్తగా చూడండి. బిడ్డ మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా అయితే అది మురికి కాదు. సున్నిపిండితో ఎంత రుద్దినా పోదు, పుండు పడుతుందంతే. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. అలాగే నిద్రలో గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టున్నా, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉన్నా, బరువు పెరుగుతూ ఎత్తు మాత్రం ఆగిపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. మేం పంపిన కాగితం తీసుకెళ్లండి, వాళ్లకు పనికొస్తుంది.

సంక్రాంతి సెలవుల తర్వాత, బడి తెరిచిన మొదటి శనివారం మళ్లీ కొలుస్తాం. ఒక్కో బిడ్డను విడిగా, తెర వెనక కొలుస్తాం, అంకె పైకి చదవం. ఆ రోజు ఆడపిల్లలకు నడినెత్తిన కొప్పు వేయకండి, ఎత్తులో రెండు సెంటీమీటర్లు తప్పొస్తుంది. ఈసారి కాగితం అందగానే ముందు ఎత్తు గడి చూసి, తర్వాత బరువు గడి చూడండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
అనంతపురం