బుడమేరు గట్టు మీద నడిచే మనుషులు కావాలి

సంపాదకులు గారికి,

వానాకాలం దగ్గర పడగానే మా విజయవాడను ఆనుకుని పారే బుడమేరు వాగు మీద సమీక్షలు జరుగుతాయి, పూడికతీత ఫొటోలు పేపర్లో వస్తాయి. మంచిదే. మిగతా నెలల్లో ఆ గట్టు వెంట నడిచి చూసేవాళ్లు ఎవరన్నదే నా ప్రశ్న.

2024 సెప్టెంబరులో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధుల్లో పడవలు తిరిగాయి. పాలు, మంచినీళ్లు లేక జనం మేడల మీద నిలబడి ఎదురుచూశారు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే బుడమేరు వరదను వెలగలేరు దగ్గర మళ్లించి, డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలో కలుపుతారు. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణే 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. నది అంత నిండుగా ఉంటే కాలువ నీళ్లను లోపలికి రానివ్వదు, వెనక్కి నెడుతుంది. కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

అంత వరదను ఎవరూ ఆపలేకపోవచ్చు. కానీ గట్టు బలహీనపడేది ఒక్క రాత్రిలో కాదు. పందికొక్కులు బొరియలు తవ్వుతాయి. ఎండిన చెట్టు వేళ్లు కుళ్లి లోపల డొల్ల ఏర్పడుతుంది. ఎవరో ట్రాక్టరు తెచ్చి అంచు నుంచి మట్టి ఎత్తుకుపోతారు. గట్టు అవతలి వైపు అడుగున తడి మచ్చ కనిపిస్తే ఆగి చూడాలి. ఊరే నీళ్లు తేటగా ఉంటే కొంత నయం, బురదగా వస్తుంటే లోపలి మట్టి కొట్టుకుపోతోందన్నమాట. అప్పుడు ఊట చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి నీళ్లు నిలబెట్టాలి, ఇంజినీర్లకు కబురు చెయ్యాలి. కాలువ గట్లను కనిపెట్టుకుని ఉండే పాత లస్కర్లకు ఇది కొట్టిన పిండి.

మా కాలనీవాళ్లం కొందరం ఆదివారాలు గట్టు వెంట నడుస్తున్నాం. చాలాచోట్ల ముళ్లకంప పెరిగి దారే కనిపించదు. వంతెనల దగ్గర గుర్రపుడెక్క పేరుకుపోయి, దానికి ప్లాస్టిక్ కవర్లు, కోళ్ల వ్యర్థాలు తట్టుకుని నీళ్లు కదలడం లేదు. ఫొటో తీసి ఒక ఆఫీసుకు పంపితే మా పరిధి కాదన్నారు, ఇంకో ఆఫీసు వాళ్లు మొదటి ఆఫీసునే అడగమన్నారు. నడిచే ఓపిక మాకుంది. చెబితే వినే మనిషి కావాలి.

అందుకే జలవనరుల శాఖను, నగరపాలక సంస్థను అడుగుతున్నాను. గట్టును కిలోమీటరుకో ముక్కగా పంచి, ఒక్కో ముక్కను పక్కనే ఉన్న కాలనీవాళ్లకు, ఊళ్లల్లో రైతులకు, కాలేజీ పిల్లలకు అప్పగించండి. ఏది ప్రమాదమో, ఏది కాదో ఇంజినీర్లు ఒక పూట చూపించి చెప్పాలి. వంతెన స్తంభాల మీద నీటిమట్టం చదవడానికి వీలుగా గీతలు వెయ్యాలి. నీళ్ల రంగు మారినా, చేపలు చచ్చి తేలినా రాసిపెట్టుకునే పుస్తకం ఒకటుండాలి. అన్నింటికీ ఒకే ఫోన్ నంబరు, జవాబు చెప్పే అధికారి ఒకరు. ముళ్లకంప కొట్టి నడకదారి వేస్తే పొద్దున్నే వాకింగ్‌కు వచ్చేవాళ్ల కళ్లు కూడా గట్టు మీదే ఉంటాయి.

ఆక్రమణదారులతో తగువు మాత్రం వాలంటీర్ల పని కాకూడదు, అది రెవెన్యూ వాళ్లు చూసుకోవాల్సింది. వరద రాత్రి ఆడపిల్లల్ని, కుర్రాళ్లని గట్టు మీదికి పంపడం అసలే వద్దు. ఊరికే పనిచేసేవాళ్లు దొరికారు కదా అని లస్కర్ల పోస్టులు ఖాళీగా ఉంచడమూ తప్పే. ఏడాది పొడవునా జీతం తీసుకుని గట్టును కనిపెట్టుకుని ఉండే మనిషి ఉండాలి, మేం ఆయనకు తోడుంటాం.

మా వైపు నుంచి పేర్లు రాసి సిద్ధంగా పెట్టుకున్నాం. వచ్చే వానాకాలం లోపు ఏదో ఒక ఆదివారం పొద్దున ఒక ఇంజినీరు గారిని మాతో గట్టు మీదికి పంపమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ